చలికి నేపియర్ ఆగిపోతే: సంక్రాంతి పచ్చిమేతకు ఏది నమ్ముకోవాలి?

ఆగస్టులో సూపర్ నేపియర్ అనే పశుగ్రాసం కోసి 45 రోజులకు మళ్లీ మడిలోకి దిగితే గడ్డి మనిషిని ముంచేస్తుంది. నవంబర్ మధ్యలో కోసి, అవే 45 రోజులు లెక్కపెట్టుకుని సంక్రాంతి ముందు కొడవలితో వెళ్తే నడుము దాకా కూడా రాదు. మడి అదే, బోరు అదే, వేసిన పేడ ఎరువు అదే. ఆకు అంచులు కొద్దిగా ఊదా రంగుకు తిరిగి, పిలకలు మొదళ్లలో ముడుచుకుని కూర్చుంటాయి. మొదటి ఏడాది నీళ్లు చాల్లేదేమో అనుకుని రెండు తడులు ఎక్కువ పెట్టాను. తర్వాత యూరియా చల్లాను. గడ్డి పెరగలేదు, ఖర్చు పెరిగింది.

బర్రెలకు ఇవేవీ పట్టవు. మన వైపు బర్రెలు ఎక్కువగా వానాకాలం చివరి నుంచి కార్తీకం దాకా ఈనుతాయి. అంటే పాలు పొంగాల్సిన రోజులూ, గడ్డి ముడుచుకునే రోజులూ ఒకటే. పచ్చిమేత తగ్గిందని దాణా పెంచుతాం. దాణా ఖర్చు పాల బిల్లును మింగేస్తుంది. చలికాలం పాడి లెక్క చాలామందికి ఇక్కడే తేడా కొడుతుంది.

అప్పుడు అందరూ అడిగేది ఒకటే: చలికి తట్టుకునే నేపియర్ రకం ఏది? నేను ఆ వెతుకులాట చేసి, డబ్బు పోగొట్టుకుని, చివరికి మానేశాను. రకం మార్చితే తీరే లోటు కాదిది. నేపియర్‌ని చలిలో పరిగెత్తించే కన్నా, ఆ రెండు నెలలకు వేరే మేత చూసుకోవడం తేలిక. ఆ వేరే మేత ఏదన్నది మీ ఊరి రాత్రి చలి మీద, మీ నీళ్ల మీద, మీకున్న పశువుల మీద ఆధారపడుతుంది. నాది జహీరాబాద్ వైపు ఊరు, ఎనిమిది బర్రెలు, ఒక బోరు. అక్కడి నుంచి చూసి చెప్తున్నానని గుర్తుపెట్టుకుని చదవండి.

పగలు ఎండ కాస్తూనే ఉంది కదా, మరెందుకు పెరగదు?

నేపియర్, గినీ, పారా, జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెరకు, గట్టు మీద గరిక, ఇవన్నీ వేడికి అలవాటు పడిన గడ్డి జాతులు. శాస్త్రవేత్తలు వీటిని సీ4 మొక్కలంటారు. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో ఇవి జోరు మీద ఉంటాయి. ఓట్స్, గోధుమ, లూసర్న్, బర్సీం (చివరి రెండూ పప్పుజాతి మేతలు) మరో గుంపు, సీ3 మొక్కలు. వాటికి 20 నుంచి 25 డిగ్రీలు హాయి.

సీ4 మొక్కల ఆకులో గాలిని పట్టి పిండిగా మార్చే పనిలో కొన్ని ఎంజైములు ఉంటాయి. వాటిలో ఒకటి సుమారు 12 డిగ్రీల కింద విడిపోయి పని మానేస్తుంది. ఇంకో చిక్కు రాత్రి వస్తుంది. పగలు ఆకు తయారు చేసుకున్న పిండి రాత్రి కరిగి, మొదళ్లకూ కొత్త పిలకలకూ దిగాలి. రాత్రి బాగా చల్లబడితే ఆ దిగడం ఆగిపోతుంది. నిన్నటి పిండి ఆకులోనే మిగిలితే, ఈరోజు ఎంత ఎండ కాసినా ఆకు కొత్తది చేయడం తగ్గిస్తుంది. గాదె నిండితే నూర్పిడి ఆగినట్టే. అందుకే మధ్యాహ్నం 28 డిగ్రీలున్నా రాత్రి 10 ఉంటే గడ్డి లేవదు. చూడాల్సింది పగటి వేడి కాదు, తెల్లవారుజాము చలి. రాత్రి 15 డిగ్రీల కిందికి పడిపోతుంటే పెరుగుదల మందగిస్తుంది. 10 దగ్గరికి వస్తే దాదాపు ఆగుతుంది.

పొద్దు పొట్టిబడటం కూడా తోడవుతుంది. అక్టోబర్ తర్వాత పగలు తగ్గేకొద్దీ నేపియర్, గినీ ఎన్ను వేయడానికి తిరుగుతాయి. ఎన్ను వేసిన కాడకు ఆకు తగ్గుతుంది, పీచు పెరుగుతుంది. 45 రోజుల నేపియర్‌లో, ఎండు బరువు లెక్కన, 8 నుంచి 10 శాతం మాంసకృత్తులుంటే, 70, 80 రోజులు నిలిచి ముదిరిన దాంట్లో అంత ఉండవు. అంటే చలికాలం గడ్డి తక్కువ రావడమే కాదు, వచ్చింది కూడా నాసిగా ఉంటుంది. గడ్డి ముక్కలు చేసే చాఫ్ కట్టర్‌లో వేసినా బర్రెలు కాడ ముక్కలు తొట్టిలోనే వదిలేస్తాయి, చూసే ఉంటారు.

ముందు మీ ఊరి చలి కొలుచుకోండి

రెండు రాష్ట్రాలకూ ఒకే సలహా ఇచ్చేవాళ్లను నేను నమ్మను. విజయవాడ, కాకినాడ, నెల్లూరు వైపు జనవరిలో కూడా రాత్రులు మామూలుగా 17 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటాయి. అక్కడ నేపియర్ మందగిస్తుంది గానీ ఆగదు. 45 రోజుల కోత 55, 60 రోజులకు జరుగుతుంది, అంతే. కోస్తాలో ఉన్నవాళ్లు చలి గురించి పెద్దగా టెన్షన్ పడనక్కర్లేదు. వాళ్లకు ఎండాకాలపు నీళ్లే అసలు సమస్య.

హైదరాబాద్ చుట్టూ, మెదక్, సంగారెడ్డి, వికారాబాద్, నిజామాబాద్ వైపు సాధారణంగా 12 నుంచి 15 డిగ్రీలు. ఉత్తరపు గాలి తోలిన వారాల్లో 10 కిందికి పోతుంది. ఇక్కడ డిసెంబర్ మొదటి వారం నుంచి జనవరి చివరి దాకా నేపియర్ కోత మీద సగం ఆశ పెట్టుకోవాలి. అనంతపురం, కడప వైపు ఇంత చలి ఉండదు. మదనపల్లె లాంటి ఎత్తు ప్రాంతాల్లో మాత్రం కొంత ఉంటుంది.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు కొన్నేళ్లు 5 డిగ్రీల దగ్గరికి, తిర్యాణి, సిర్పూర్ లాంటి చోట్ల ఇంకా కిందికి కూడా పడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి, లంబసింగి సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. అలా గడ్డకట్టిన నేపియర్ ఆకు మర్నాటి ఎండకు ఉడికించినట్టు వాలిపోయి, రెండు మూడు రోజుల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. దుబ్బు మాత్రం చావదు, చలి విరగగానే మొదట్లోంచి చిగురు వస్తుంది. దున్నేసి కొత్తగా నాటాలని కంగారు పడొద్దు.

ఒక గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్ కొని పశువుల కొట్టం బయట నీడలో వేలాడదీసి, డిసెంబరంతా తెల్లవారుజాము అంకె రాసుకోండి. ఎవరి సలహా కన్నా అదే పెద్ద సలహా. టీవీలో చెప్పేది పక్క ఊరి లెక్క. వాగు పక్కన పల్లంలో మీ మడి ఉంటే అక్కడ చలి ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే దిగుతుంది.

రకం మార్చితే లాభం ఉందా?

కొద్దిగా. సూపర్ నేపియర్ థాయిలాండ్ నుంచి వచ్చిన పాక్‌చాంగ్-1. సీవో-4, సీవో-5 తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చినవి. ఏపీబీఎన్-1 మన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పుట్టింది. నాలుగూ సజ్జకూ నేపియర్‌కూ పుట్టిన సంకరాలే. వీటి మధ్య తేడా ఆకు మెత్తదనంలో, కాడ లావులో, పిలకల సంఖ్యలో ఉంటుంది. చలికి ఆగిపోవడంలో చెప్పుకోదగ్గ తేడా నాకైతే కనబడలేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఎండ దేశపు గడ్డి అయినప్పుడు బిడ్డకు చలి బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఎకరాకు ఏడాదికి 150 టన్నులని పుస్తకాల్లో ఉండే లెక్క కూడా నీళ్లు, ఎరువు, వేడి అన్నీ కుదిరిన ఏడాది మొత్తానిది. దాన్ని పన్నెండుతో భాగించి జనవరికి ఇంత వస్తుందని లెక్కేసుకుంటే మునిగినట్టే.

రెండేళ్ల కింద ఒకాయన దగ్గర "చలిలోనూ 40 రోజులకు కోత" అనే మాట నమ్మి కొత్త నేపియర్ రకం నాటు ముక్కలను, ఒక్కోదానికి మామూలు ధర మీద రెట్టింపు పెట్టి కొన్నాను. అదీ డిసెంబర్‌లోనే నాటాను. సగం కణుపులు మొలవలేదు. మొలిచినవి పెరిగాక చూస్తే సూపర్ నేపియర్‌కూ వాటికీ తేడా పోల్చుకోలేకపోయాను. ఒక మాట గట్టిగా చెప్తాను: ఏ నేపియర్ ముక్కనైనా డిసెంబర్, జనవరిల్లో నాటకండి. ఫిబ్రవరి చివర గానీ, జూన్, జూలైలో గానీ నాటితే కణుపు కణుపూ లేస్తుంది.

మిగతా గడ్డుల్లో, గినీ గడ్డి కొబ్బరి, మామిడి తోటల నీడలో బాగా వస్తుంది. ఆకు మెత్తన, బర్రెలు ఇష్టంగా తింటాయి. చలికి మాత్రం నేపియర్ లాగే మందగిస్తుంది. కోస్తాలో తోటలున్నవాళ్లకు గినీయే నా ఓటు, ఎందుకంటే వాళ్లకు చలి తక్కువ, నీడ ఎక్కువ. పారా గడ్డి నీరు నిలిచే పల్లాల్లో, మురుగు కాలువల పక్కన ఇంకేదీ రాని చోట వస్తుంది. కానీ వీటన్నిటిలో చలికి ముందుగా చేతులెత్తేసేది అదే. గరిక సంగతి మీరే చూస్తుంటారు, సంక్రాంతికి గట్లన్నీ గోధుమ రంగులో ఉంటాయి. నీలగిరుల్లో కికుయు అనే గడ్డి చలికి బాగా తట్టుకుంటుంది. అది కొండల మీది సంగతి, మన మైదానాలకు అక్కర్లేదు.

దశరథ గడ్డి గురించి విడిగా చెప్పాలి. పేరుకు గడ్డి గానీ అది పప్పుజాతి పొద. మాంసకృత్తులు బాగా ఉంటాయి, ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. మొదటి కోత దాదాపు మూడు నెలలకు, తర్వాత 40 రోజులకోసారి. చలికి ఇదీ నెమ్మదిస్తుంది, కానీ వేర్లు లోతుకు పోయిన పాత చెట్టు నేపియర్ అంతగా మొండికేయదు. గట్ల మీద రెండు వరసలు వేసుకోవడం ఏ ప్రాంతం వాళ్లకైనా నష్టం లేని పని. విత్తనం పైపొర గట్టిది, అలాగే చల్లితే మొలవదు. బాగా వేడి నీళ్లలో, అంటే 80 డిగ్రీల దగ్గర, మూడు నాలుగు నిమిషాలు ఉంచి, తర్వాత చన్నీళ్లలో వేసి ఆరబెట్టి చల్లాలి.

ఓట్స్ వేయాలా, లూసర్న్ వేయాలా?

మా వైపు వాళ్లకు అసలు పోటీ ఈ రెండింటి మధ్యే.

ఓట్స్ అంటే టౌన్‌లో డబ్బాల్లో అమ్మేదే, కాకపోతే మనం గింజ పట్టకముందే పచ్చిగా కోసేస్తాం. అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ చివరి లోపు విత్తాలి. ఎకరాకు 40 కిలోల విత్తనం. కెంట్ రకం పాతదీ నమ్మకమైనదీ. ఝాన్సీలోని పచ్చిక బయళ్ల, పశుగ్రాస పరిశోధన సంస్థ ఇచ్చిన జేహెచ్ఓ-822 రెండు కోతలకు పనికొస్తుంది. 55, 60 రోజులకు మొదటి కోత, నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే, ఇంకో 40, 45 రోజులకు రెండో కోత. రెండూ కలిపి ఎకరాకు 12 టన్నులు అనుకుంటే అత్యాశ కాదు. కాడ మెత్తన, కాస్త తియ్యన, చాఫ్ కట్టర్ లేకపోయినా బర్రెలు మొదలు దాకా తింటాయి. కడుపుబ్బరం భయం లేదు. కలుపు కూడా పెద్దగా బాధించదు, ఒత్తుగా లేచి నేలను కమ్మేస్తుంది.

లోపం ఏంటంటే ఏటా విత్తనం కొనాలి. ఫిబ్రవరి చివర ఎండ ముదిరితే గబగబా ఎన్ను వేసి అయిపోతుంది. డిసెంబర్‌లో విత్తితే ఒక్క కోతే దక్కుతుంది, ఆ కోత కూడా మనకు అవసరం తీరిపోయాక వస్తుంది. మొదటిసారి నేను కార్తీక పౌర్ణమి దాటి పది రోజులకు విత్తి, కోత చేతికొచ్చేసరికి నేపియర్ మళ్లీ లేవడం మొదలుపెట్టింది. రెండూ ఒకేసారి! ఆ ఏడాది ఓట్స్ సగం పక్కింటి వాళ్ల బర్రెలు తిన్నాయి.

లూసర్న్ స్వభావం వేరు. ఇది పప్పుజాతి, ఎండు బరువులో 18 నుంచి 20 శాతం మాంసకృత్తులు. బర్రెకు రోజూ ఎనిమిది, పది కిలోలు వేస్తే ఆ మేరకు దాణా తగ్గించుకోవచ్చు, అదే దీని లాభం. అక్టోబర్, నవంబర్‌లలో ఎకరాకు 8 నుంచి 10 కిలోల విత్తనం, రైజోబియం (వేర్లలో నత్రజని పట్టి ఇచ్చే సూక్ష్మజీవి) పట్టించి చల్లాలి. ఆనంద్-2, ఆర్ఎల్-88 రకాలు దొరుకుతాయి. మొదటి కోత రెండు నెలలకు, తర్వాత 25, 30 రోజులకోసారి. చలి దానికి ఇష్టం, ఎండాకాలం కూడా తడి ఇస్తే బతుకుతుంది. అలా రెండు మూడేళ్లు ఉంచుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వేయరు? లోతైన, నీరు ఇంకిపోయే నేల కావాలి. నల్లరేగడిలో నీరు నిలిచిందా, వేరు కుళ్లి మచ్చలు మచ్చలుగా పోతుంది. మొదటి రెండు నెలలు పసిపిల్లను సాకినట్టు కలుపు తీయాలి. దీని అసలు శత్రువు బంగారు తీగ. ఆకు లేని పసుపు దారం లాంటి ఆ తీగ లూసర్న్‌ని చుట్టుకుని రసం పీల్చేస్తుంది. ఒక దుకాణంలో కొన్న విత్తనంలో దాని గింజలు కలిసొచ్చి నా పావు ఎకరం రెండో కోతకే పసుపు వల కప్పినట్టయింది. కనబడ్డ చోట లూసర్న్‌తో సహా కోసి, పువ్వు రాకముందే కాల్చేయడం తప్ప దారి లేదు. అందుకే సంచి మీద ధ్రువీకరణ ట్యాగ్ లేని లూసర్న్ విత్తనం ఎంత చవకగా ఇచ్చినా వద్దంటాను.

కడుపుబ్బరం ఇంకో సంగతి. ఆకలి మీదున్న పశువును మంచు ఆరని లేత లూసర్న్ మీదికి వదిలితే గంటల్లో ఎడమ డొక్క ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. ముందు ఎండుగడ్డి వేసి, లూసర్న్‌ని పొద్దున కోసి కాస్త వాడ్చి, నేపియర్ ముక్కల్లోనో చొప్పలోనో కలిపి వేయాలి. మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వకండి.

నా ఎంపిక: నాలుగు బర్రెల దాకా ఉండి, మంచి ఎర్ర నేల, రోజూ చేను చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే పది గుంటల లూసర్న్. పశువులు ఎక్కువై, కూలీలు దొరక్క, మేత బరువు ముఖ్యమైతే ఓట్స్. నేను ఇప్పుడు అర ఎకరం ఓట్స్, ఐదారు గుంటలు లూసర్న్ వేస్తున్నాను. లెక్క ఇలా వేశాను: ఎనిమిది బర్రెలకు తలా 20 కిలోలు, 75 రోజులకు 12 టన్నులు. నేపియర్ అందులో సగం ఇస్తుంది. మిగతా 6 టన్నులకు అర ఎకరం ఓట్స్ సరిపోతుంది. లూసర్న్ బరువును ఈ లెక్కలోకి తేను, అది దాణా ఖాతా.

బర్సీం మాట ఒక్క ముక్కలో: ఉత్తరాదిలో దానికి ఐదారు కోతలు వస్తాయి, మనకు చలి రోజులే అన్ని లేవు. ఆదిలాబాద్ వైపు నీళ్లు సమృద్ధిగా ఉన్నవాళ్లు ఓ చిన్న మడిలో వేసి చూసుకోవచ్చు, మిగతావాళ్లు వదిలేయండి.

డెల్టా వాళ్లకు పిల్లిపెసర

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు మూడు నాలుగు రోజుల ముందు పిల్లిపెసర అనే పప్పుజాతి మేత గానీ జనుము గానీ చేలో చల్లి, కోత తర్వాత మిగిలిన తేమతో, మంచుతో పెంచుకోవడం తాతల నాటి పద్ధతి. ఖర్చు విత్తనం ఒక్కటే. ఎకరాకు పది, పన్నెండు కిలోలు. నేలకు నత్రజని కూడా మిగులుతుంది. ఇప్పుడు వరి మాగాణుల్లో మినుము, మొక్కజొన్న డబ్బు పంటలై పిల్లిపెసర వెనక్కి పోయింది. కోత మిషన్ చక్రాల కింద మొలక నలిగిపోతోందని కూడా మానేశారు. నన్నడిగితే పశువులున్న ఇల్లు కనీసం అర ఎకరమైనా దానికి వదలాలి. మిషన్ వచ్చే ముందు రోజు చల్లితే మొలక తొక్కుడు పడదు. చవకలో దీన్ని మించిన చలికాలపు మేత నాకు తెలిసి లేదు. మా మెట్ట నేలల్లో ఇది కుదరదనే నా బాధ.

మొక్కజొన్న సరే, జొన్నతో జాగ్రత్త

ఆఫ్రికన్ టాల్ మొక్కజొన్న వానాకాలంలో 60 రోజులకు కోతకొస్తే, నవంబర్‌లో విత్తింది 75 దాకా తీసుకుంటుంది. అదీ వేడి జాతి పంటే కదా. కత్తెర పురుగు 2018లో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి సుడి తినేసే బెడద ఒకటి ఉంది, మేతకని వేసిన దాని మీద మందు కొట్టి వెంటనే కోసి వేయలేం. అయినా సెప్టెంబర్‌లో విత్తి నవంబర్‌లో పాలగింజ దశలో కోసి పాతర (గాలి తగలకుండా గుంతలో నిలవ) వేసుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పంట లేదు.

జొన్నకు చలి వల్ల వచ్చేది ఎదుగుదల సమస్య ఒక్కటే కాదు. లేత జొన్నలో, నీటి ఎద్దడికీ చలికీ గిడసబారిన జొన్నలో, కోసిన మోటు నుంచి లేచిన నాములో హైడ్రోసయనిక్ ఆమ్లం అనే విషం పేరుకుంటుంది. నాము తిని పశువులు చనిపోయిన వార్త ఏటా ఏదో ఊరి నుంచి వింటూనే ఉంటాం. తిన్న కాసేపటికే ఆయాసం, నోట నురగ, వణుకు, కింద పడటం. పశువైద్యుడు సోడియం థయోసల్ఫేట్ సూది సమయానికి ఇస్తే బతుకుతుంది, ఆ సమయం చాలా తక్కువ. సీవోఎఫ్ఎస్-29 లాంటి పలు కోతల జొన్న వేసినవాళ్లు మొదటి కోత 60 రోజుల తర్వాతే, అదీ తడి పెట్టిన మూడు నాలుగు రోజులకు కోయండి. చలికి మోకాలెత్తులో ఆగిపోయిన జొన్నను "ఎలాగూ పెరగట్లేదు కదా" అని పశువులకు వదలడం అన్నిటికన్నా ప్రమాదం. పచ్చిది అనుమానంగా ఉంటే కోసి బాగా ఎండబెట్టి వేయండి, విషం చాలావరకు తగ్గుతుంది.

పాతర వేసుకోవడమా, పంట వేసుకోవడమా?

రబీలో బోరు నీళ్లన్నీ శనగకో కూరగాయలకో పోయేవాళ్లకు, ఓట్స్‌కి ఐదారు తడులు ఇవ్వలేనివాళ్లకు, పాతర గడ్డి (సైలేజ్ అంటే తొందరగా అర్థమవుతుందేమో) మంచి దారి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో నేపియర్ మనం కోయలేనంత పెరుగుతుంది. చాలామంది దాన్ని ముదరబెట్టి, చలికాలానికి నిలవ ఉన్నట్టు అనుకుంటారు. నిలబడి ఉన్నది నిలవ కాదు, రోజురోజుకూ కట్టె అవుతోంది. దాన్ని 45, 50 రోజుల వయసులో కోసి, ఒక పూట వాడ్చి, ముక్కలు చేసి, పొరపొరకూ ట్రాక్టర్‌తోనో కాళ్లతోనో తొక్కి, టార్పాలిన్ కప్పి గాలి లేకుండా మట్టి వేస్తే 45 రోజులకు తయారు. నేపియర్‌లో చక్కెర తక్కువ కాబట్టి వంద కిలోలకు ఒకటి రెండు కిలోల బెల్లం నీళ్లలో కలిపి చల్లాలి. మొక్కజొన్నకు బెల్లం అక్కర్లేదు. బాగా తొక్కిన పాతరలో ఒక ఘనపు మీటరుకు 500, 600 కిలోలు పడుతుంది. పది ఘనపు మీటర్ల గుంతలో 5, 6 టన్నులన్నమాట, మా లాంటి ఇంటికి చలికాలమంతా లోటు తీరుతుంది.

పిండితే చేతిలో నీళ్లు కారితే ఎక్కువ తడి, కుళ్లిన వాసన వస్తుంది. ముద్ద కట్టి నెమ్మదిగా విడిపోతే సరి. రెండు బర్రెలున్నవాళ్లకు గుంత దండగ, తెరిచాక రోజూ కొంత మందం తీయకపోతే బూజు పడుతుంది. వాళ్లు ప్లాస్టిక్ సంచుల్లో యాభై కిలోల చొప్పున కట్టుకోవడమో, ఎవరైనా అమ్మే సైలేజ్ బేళ్లు కొనడమో నయం.

రెండూ చేతకాకపోతే వరిగడ్డి ఉంది. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా 50, 60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలాడకుండా కప్పి 21 రోజులు మాగబెడితే అరుగుదల పెరుగుతుంది. చలికాలంలో ఇంకో వారం ఎక్కువ ఉంచండి, చలికి ఆ పని కూడా నిదానమే. దీనికి తోడు తాండూరు, జహీరాబాద్ వైపు డిసెంబర్, జనవరిల్లో కంది కొట్టిన పొట్టు, చెరకు కోతప్పుడు వచ్చే ఆకు దొరుకుతాయి. కంది పొట్టు బలమైనది, వదలొద్దు. చెరకు ఆకు కడుపు నింపుతుంది, పాలివ్వదు.

ఉన్న నేపియర్‌ని చలిలో ఎలా చూడాలి

మా చలికి ఆఖరి పెద్ద కోత నవంబర్ 15 లోపు అయిపోవాలి. ఆ కోతలో మొదలు నాలుగైదు అంగుళాలు వదిలేస్తాను. మరీ నేలకు కోస్తే చలిలో తిరిగి లేవడానికి దుబ్బులో బలం ఉండదు. తర్వాత కోత 60, 70 రోజులకే. యూరియా డిసెంబర్, జనవరిల్లో వేయను. మొక్క ఎదగనప్పుడు వేసిన నత్రజని ఆకులో నైట్రేట్‌గా పేరుకుంటుంది, మబ్బు పట్టి పొగమంచు కమ్మిన రోజుల్లో మరీ ఎక్కువ. అలాంటి గడ్డి పశువుకు విషమే. నీళ్లు పది, పన్నెండు రోజులకోసారి పలచగా చాలు. బాగా చలి వేస్తుందన్న రాత్రి ముందు సాయంత్రం తడి పెడితే మాత్రం మేలు, తడి నేల వేడిని తొందరగా వదలదు. పొద్దున పది దాటి మంచు ఆరాకే కోత.

మీరు హైదరాబాద్ పక్కన మామిడిపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పశుగ్రాస కేంద్రం దగ్గరో, రాజేంద్రనగర్ దగ్గరో ఉంటే ఓట్స్, లూసర్న్ విత్తనం గురించి ఆగస్టులోనే అడిగి పెట్టుకోండి. దసరా అయ్యాక వెళ్తే అయిపోయిందంటారు, నాకు రెండుసార్లు అలాగే అయింది. కోస్తాలో తోటలున్నవాళ్లు గినీ, మాగాణి ఉన్నవాళ్లు పిల్లిపెసర చూసుకుంటే విత్తనాల కోసం ఇంత తిరగక్కర్లేదు. ఆసిఫాబాద్, లంబసింగి చలికి మాత్రం నేపియర్ మీద సగం ఆశ కూడా పెట్టుకోకుండా ఓట్స్‌కి చోటు ముందే తీసిపెట్టాలి, వీలైతే పాతర కూడా.

సంక్రాంతి చలి చంకలెత్తనివ్వదు, శివరాత్రికి శివశివా అంటూ పోతుంది అంటారు కదా, నేపియర్ విషయంలో ఆ లెక్క దాదాపు సరిపోతుంది. శివరాత్రి వారంలో చలికి ముదిరి నిలిచిన కాడలన్నీ నేలకు దగ్గరగా కోసేసి, పిలకల మధ్య పేడ ఎరువు వేసి, ఒక నిండు తడి పెట్టి, పది రోజులకు యూరియా వేస్తాను. మార్చి చివరికి మళ్లీ గడ్డి మనిషిని ముంచేస్తుంది. అప్పటికి ఓట్స్ కోసిన మడి ఖాళీ అవుతుంది, అందులో అలసంద చల్లితే అది ఎండాకాలానికి మేత.